ఫోర్డ్ ఎందుకు వెళ్లిపోయింది, కియా ఎలా నిలిచింది: అసలు లెక్క రెండో కారు దగ్గర

మీరు అడిగినవి రెండు. ఫిగో, ఎకోస్పోర్ట్ లాంటి మంచి కార్లు చేసిన ఫోర్డ్ మన దేశంలో ఎందుకు మూసేసుకుంది, దాదాపు అదే సమయంలో వచ్చిన కియా పెనుకొండ దగ్గర ఎలా నిలదొక్కుకుంది అన్నది మీ ఎంబీఏ ప్రాజెక్టు కోసం. మీ మేనమామగారు కొత్తగా వస్తున్న ఒక కంపెనీ డీలర్‌షిప్ తీసుకోవాలనుకుంటున్నారు, ముందు ఏం చూసుకోవాలి అన్నది ఇంటి కోసం. రెండో ప్రశ్నకు జవాబు మొదటి దాంట్లోనే ఉంది కాబట్టి వరుసగానే చెప్తాను.

చెన్నై దగ్గర శ్రీపెరంబుదూర్, ఒరగడం వైపు విడిభాగాల కొనుగోలు, వెండర్ డెవలప్‌మెంట్ పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. వెండర్ అంటే కార్ల కంపెనీకి విడిభాగాలు చేసిచ్చేవాడు. ఒక కార్ల కంపెనీ నిజంగా ఏం ఆలోచిస్తోందో షోరూమ్ వైపు నుంచి కంటే వెండర్ వైపు నుంచే ముందు తెలుస్తుంది. ప్రకటనలు ఎన్నైనా ఇస్తారు, వచ్చే నెల షెడ్యూల్, అంటే వెండర్‌కు ఎన్ని భాగాలు కావాలో చెప్పే లెక్క, మాత్రం ఉన్నదున్నట్టు చెబుతుంది.

"ఇండియన్లకు చవక కార్లే కావాలి, ఫోర్డ్ ఖరీదు, మెయింటెనెన్స్ ఎక్కువ, అందుకే పోయింది" అని అందరూ చెప్పే మాటను ముందు పక్కన పెట్టండి. అందులో కొంత నిజముంది కానీ అది కారణం కాదు. చవక కార్లే కావాలంటే 2009లో లక్ష రూపాయల ధరతో వచ్చిన నానో రోడ్డుకొకటి ఉండాలి. కియా తన మొదటి కారు సెల్టోస్‌ను 2019 ఆగస్టులో తెచ్చినప్పుడు ప్రారంభ ధరే 9.69 లక్షలు. ఏ పల్లెలోనూ ఎవరూ పేరు వినని బ్రాండ్ అది. అయినా జనం వరుసలో నిలబడి బుక్ చేసుకున్నారు.

నా లెక్కలో తేడా అంతా రెండో కారు దగ్గర ఉంది. మొదటి హిట్ కొట్టడం చాలా కంపెనీలకు చేతనైంది. ఆ హిట్ పాతబడకముందే దాని స్థానంలోకో, దాని పక్కకో ఇంకో కారు వచ్చిందా, ఆ కారుకు డబ్బు ఇవ్వాలని నిర్ణయించింది ఎవరు, ఎక్కడ కూర్చుని, ఎన్నాళ్లు తీసుకుని? మీ ప్రాజెక్టుకు ఈ ఒక్క ప్రశ్న చాలు.

ఫోర్డ్ చరిత్ర చూడండి. 1995లో మహీంద్రాతో కలిసి వచ్చింది, ఎస్కార్ట్ అమ్మింది. చెన్నై శివార్లలో మరైమలై నగర్ ప్లాంట్ కట్టి 1999లో ఐకాన్ తెచ్చింది. ఐకాన్ బాగా నడిచింది. ఆ తర్వాత మళ్లీ అంత పేరు తెచ్చిన చిన్న కారు ఫిగో, అది వచ్చింది 2010లో. మధ్యలో ఫ్యూజన్, ఫియెస్టా లాంటివి వచ్చాయి కానీ మార్కెట్ నడిబొడ్డున, అంటే చిన్న హ్యాచ్‌బ్యాక్‌లలో, ఫోర్డ్ లేనే లేదు. ఆ పదేళ్లలోనే హ్యుండయ్ ఏం చేసిందో చూడండి. 1998లో శాంత్రోతో మొదలుపెట్టి 2007లో ఐ10, 2008లో ఐ20 దించింది. శాంత్రో కొన్నవాడు నాలుగైదేళ్లకు కారు మార్చాలనుకుంటే అదే షోరూమ్‌లో ఇంకో మెట్టు పైకి వెళ్లగలిగాడు. ఐకాన్ కొన్నవాడికి ఫోర్డ్ షోరూమ్‌లో ఆ మెట్టు దొరకలేదు.

2013లో ఎకోస్పోర్ట్ వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఇంజన్ ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. ఆ రూల్ లోపల ఎస్‌యూవీ లాంటి కారును సరిగ్గా ఇమిడ్చి పెద్ద ఎత్తున అమ్మింది ఫోర్డే. 5.59 లక్షల ప్రారంభ ధరకు ఇస్తే నెలల తరబడి వెయిటింగ్ ఉండేది. ఈ రోజు రోడ్డు మీద కనిపించే బ్రెజా, నెక్సాన్, వెన్యూ, సోనెట్ అన్నీ ఆ దారిలో వచ్చినవే.

దారి వేసినవాడు అక్కడే ఆగిపోయాడు. 2016లో బ్రెజా, 2017లో నెక్సాన్, 2019లో వెన్యూ వచ్చాయి. ఎకోస్పోర్ట్‌కు 2017లో ముఖం మార్చారు, డ్యాష్‌బోర్డు మార్చారు. కింద ఉన్న కారు అదే. వెనక డోర్‌కు వేలాడే ఆ స్టెప్నీ చివరిదాకా దాదాపు అలాగే ఉంది, అది తీసేసిన వేరియంట్ వచ్చేసరికి జనం చూపు పక్కకు పోయింది. 2018లో ఫ్రీస్టైల్ తర్వాత చెప్పుకోదగ్గ కొత్త కారు ఏదీ రాలేదు. ఇదే కథ రెనో డస్టర్‌ది. 2012లో వచ్చి ఒక సెగ్మెంట్‌నే తయారుచేసింది, 2015లో హ్యుండయ్ క్రెటా వచ్చింది, డస్టర్ రెండో తరం మిగతా ప్రపంచంలో వచ్చినా మన దేశానికి తేలేదు, 2022కి మూతపడింది. రెండు కంపెనీలకూ ఏం చేయాలో తెలియక కాదు. ఏ డీలర్‌ను కదిపినా "కొత్త కారు ఎప్పుడు సార్" అనే అడిగేవాడు. ఇండియా మేనేజర్లకూ ఆ విషయం బాగా తెలుసు. చెక్కు మీద సంతకం పెట్టే చెయ్యి ఇక్కడ లేదు, అంతే తేడా.

ఆ సంతకం ఎందుకు పడలేదో అర్థం కావాలంటే ప్లాంట్ లెక్క చూడాలి.

కార్ల తయారీలో ఖర్చు రెండు రకాలు. స్టీలు, టైర్లు, వైరింగ్ లాంటివి కారుకింత అని పడతాయి. పెయింట్ షాప్, వెల్డింగ్ రోబోలు, ప్రెస్‌లు, డైలు, ఇంజినీర్ల జీతాలు కార్లు తయారైనా కాకపోయినా పడతాయి. ఒక ప్లాంటుకు ఈ రెండో రకం ఖర్చు ఏడాదికి వెయ్యి కోట్లు అనుకుందాం, లెక్క తేలిగ్గా ఉంటుందని ఈ అంకె తీసుకుంటున్నాను. ఏడాదికి 2 లక్షల కార్లు చేస్తే కారు మీద 50 వేలు పడుతుంది. 50 వేల కార్లే చేస్తే అదే వెయ్యి కోట్లు కారు మీద 2 లక్షలుగా పడుతుంది. ఏడెనిమిది లక్షలకు అమ్మే కారు మీద లక్షన్నర తేడా. ఏ డిజైన్ గొప్పతనమూ, ఏ ప్రకటనా దాన్ని పూడ్చలేదు. ఏడాదికి పది పెళ్లిళ్లు జరిగే ఊళ్లో రెండు వేల మంది పట్టే ఏసీ కల్యాణ మండపం కట్టినవాడి పరిస్థితి ఇది.

ఫోర్డ్ సరిగ్గా ఆ మండపమే కట్టింది. చెన్నై ప్లాంట్ ఉండగానే గుజరాత్‌లోని సనంద్‌లో వంద కోట్ల డాలర్లు పెట్టి రెండో ప్లాంట్, ఇంజన్ ప్లాంట్ కట్టి 2015లో ప్రారంభించింది. రెండూ కలిపి ఏడాదికి 4 లక్షలకు పైగా కార్లు చేయగల సామర్థ్యం. దేశంలో అమ్మకాలు దానికి దరిదాపుల్లో లేవు, చివరి రోజుల్లో మార్కెట్ వాటా 2 శాతం లోపే. ఎగుమతులతో నెట్టుకొచ్చారు. నిజానికి కొన్నేళ్లు ఇక్కడ అమ్మిన వాటి కంటే బయటికి పంపినవే ఎక్కువ, చెన్నైలో చేసిన ఎకోస్పోర్ట్‌లు అమెరికాకు కూడా వెళ్లాయి. కానీ ఎగుమతి ఆర్డరు మీ చేతిలో ఉండదు. యూరప్‌కు పంపే ఎకోస్పోర్ట్ తయారీని 2017లో రొమేనియాలోని క్రయోవా ప్లాంటుకు మార్చారు. యూరప్ మేనేజ్‌మెంట్‌కు అది తెలివైన పనే, వాళ్ల ప్లాంట్ నిండింది. చెన్నై లైను ఆ మేరకు ఖాళీ అయింది.

ఇక్కడి నుంచి ఒక చుట్టు మొదలవుతుంది. లైను ఖాళీ కాబట్టి నష్టం. నష్టం కాబట్టి కొత్త మోడల్‌కు ప్రధాన కార్యాలయం డబ్బు ఇవ్వదు. కొత్త మోడల్ లేదు కాబట్టి అమ్మకాలు ఇంకా తగ్గుతాయి, లైను ఇంకా ఖాళీ అవుతుంది. 2021 సెప్టెంబర్ 9న ఫోర్డ్ మూసివేత ప్రకటించినప్పుడు చెప్పింది, పదేళ్లలో నిర్వహణ నష్టాలు 200 కోట్ల డాలర్లు దాటాయని. 2019లో మరో 80 కోట్ల డాలర్ల ఆస్తుల విలువ పుస్తకాల్లోంచి కొట్టేసింది. సనంద్ ప్లాంటును చివరికి టాటా వాళ్ల ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ 725.7 కోట్లకు కొనుక్కుంది. పెట్టిన డబ్బు పక్కన ఆ అంకె పెట్టి చూడండి, మీ ప్రాజెక్టులో ఒక పేజీ దానంతట అదే రాసుకుంటుంది.

అమెరికాలోని డియర్‌బోర్న్‌లో, అంటే ఫోర్డ్ ప్రధాన కార్యాలయంలో, కూర్చున్నవాళ్లను తిట్టడం తేలిక. వాళ్ల కుర్చీలోంచి చూస్తే వేరేగా కనిపిస్తుంది. అమెరికాలో ఒక ఎఫ్-150 ట్రక్కు మీద మిగిలేది ఇక్కడ ఎన్ని ఫిగోలు అమ్మితే వస్తుంది? 2018లోనే వాళ్లు అమెరికాలో సెడాన్లు మానేస్తున్నామన్నారు, 2021 జనవరిలో బ్రెజిల్‌లో తయారీ మూసేశారు. ఉన్న డబ్బు ఎక్కువ లాభం వచ్చే చోట పెట్టాలన్న ఒకే నిర్ణయం ఒక్కో దేశంలో ఒక్కో తేదీన అమలైంది. జనరల్ మోటార్స్‌దీ ఇదే లెక్క. 2015 జులైలో ఇండియాలో వంద కోట్ల డాలర్లు పెడతాం, ఐదేళ్లలో పది కొత్త మోడళ్లు తెస్తాం అన్నారు. రెండేళ్లు తిరక్కుండానే, 2017 మేలో, ఇండియాలో షెవర్లే అమ్మకాలు ఆపేస్తున్నామన్నారు. అదే ఏడాది యూరప్‌లో ఒపెల్‌ను కూడా వదిలించుకున్నారు. షేర్‌హోల్డర్ల దృష్టిలో అవి సరైన నిర్ణయాలే కావచ్చు. 2015లో చెప్పిన మాట నమ్మి షోరూమ్ కట్టినవాడి గతేమిటన్నది వేరే సంగతి, దానికి తర్వాత వస్తాను.

మహీంద్రాతో ఫోర్డ్ మళ్లీ కలవబోయిన సంగతి చాలామంది మర్చిపోయారు. 2019 అక్టోబర్‌లో ఒప్పందం ప్రకటించారు, మహీంద్రాకు 51 శాతం. కొత్త ఎస్‌యూవీకి ప్లాట్‌ఫామ్ (కారు కింది నిర్మాణం), ఇంజన్లు పంచుకోవాలన్నది ప్లాన్. అంటే రెండో కారు సమస్యకు అది మందు. 2020 డిసెంబర్ 31న రద్దు చేసుకున్నారు, కోవిడ్ వల్ల పరిస్థితులు మారాయన్నారు. వెండర్ల మధ్య అప్పుడే మాట నడిచింది, ఇక ఇది ఎన్నాళ్లో నిలవదని. ఎందుకంటే అప్పటికి చేతిలో వేరే కొత్త మోడల్ పని ఏదీ లేదు, మోడల్ పని లేని కంపెనీకి భవిష్యత్తు లేదని వెండర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ వెండర్ కోణం పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది కాబట్టి కొంచెం దగ్గరగా చూపిస్తాను.

కొత్త కారు బంపర్‌కు ఒక వెండర్‌ను కోటేషన్ అడిగామనుకోండి. దానికి అచ్చు కావాలి, దాన్నే టూలింగ్ అంటాం. అచ్చు ఖర్చు కోటిన్నర అనుకుందాం. కార్ల కంపెనీ "మొత్తం లక్షన్నర కార్లు చేస్తాం" అంటుంది. అప్పుడు అచ్చు ఖర్చు బంపర్‌కు వంద రూపాయల చొప్పున ధరలో కలిపి రాబట్టుకుంటారు. ఇక్కడ వెండర్ ముందు కూర్చున్న పర్చేజ్ మేనేజర్ ఎవరన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది. మారుతి షెడ్యూల్ ఇస్తే వెండర్ ఆ అంకెను దాదాపు అలాగే రాసుకుంటాడు. రెండు మోడళ్లు ముందే చతికిలబడిన కంపెనీ అదే లక్షన్నర చెబితే "సరే సార్" అని తలూపి, ఇంటికెళ్లి 60 వేలతో లెక్క వేసుకుంటాడు. అచ్చు ఖర్చు బంపర్‌కు 250 అవుతుంది. ఒక్క బంపర్‌తో పోతే సరే, కారులో అలాంటి భాగాలు వేలల్లో ఉంటాయి. అమ్మకాల మీద అనుమానం ఉన్న కంపెనీకి ప్రతి భాగమూ పక్క కంపెనీ కంటే ఖరీదుకే వస్తుంది, కారు ఇంకా పుట్టకముందే. ఆ ఖరీదు ధరలోకి వస్తే అమ్మకాలు తగ్గుతాయి, వెండర్ అనుమానమే నిజమవుతుంది.

మరి వెండర్ లెక్క వేసుకున్న అరవై వేలు కూడా రాకపోతే? నలభై వేల దగ్గర మోడల్ ఆగిపోతే? మిగతా డబ్బు ఎవరు కట్టాలన్న దాని మీద ఒప్పందంలో ఒక పేరా ఉంటుంది, దాని మీద గొడవలు ఉంటాయి. నాకు తెలిసిన ఒక చిన్న ప్రెస్ షాప్ యజమానికి ఒక కంపెనీ దగ్గర ఇలా ఇరుక్కున్న బాకీ చేతికి వచ్చేసరికి బ్యాంకు వడ్డీ అసలును మింగేసింది. అందుకే ఈ వ్యాపారంలో మాట మీద నిలబడే కంపెనీ అన్న పేరు ఉత్త గౌరవం కాదు, బంపర్ మీద నూట యాభై రూపాయలు.

కియా దగ్గరికి వద్దాం. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఫోర్డ్‌ను కియాతో పోల్చడం పూర్తిగా న్యాయం కాదు. కియా కొత్త కంపెనీగా రాలేదు, ఇరవై ఏళ్లుగా ఇక్కడ పాతుకుపోయిన హ్యుండయ్ భుజాల మీద కూర్చుని వచ్చింది. సెల్టోస్ కింద ఉన్నదీ, 2020లో వచ్చిన రెండో తరం క్రెటా కింద ఉన్నదీ ఒకే కుటుంబం, ఇంజన్లూ అవే. సోనెట్‌కు వెన్యూ అలాగే. పైన షీట్ మెటల్, లోపల క్యాబిన్ వేరు. అంటే వెండర్ దృష్టిలో కియా ఇచ్చే షెడ్యూల్ వెనక హ్యుండయ్ షెడ్యూల్ కూడా ఉంది. అరవై వేలతో లెక్క వేసుకునే అవసరం అతనికి రాలేదు.

2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. అప్పుడది అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. నీళ్లు లేని చోట కార్ల ఫ్యాక్టరీ ఏమిటని నవ్వినవాళ్లున్నారు, గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి నీళ్లు తెచ్చారు. 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంది, బెంగళూరు దగ్గర, చెన్నై వెండర్లు ఒక రాత్రి ప్రయాణం దూరంలో. పెద్ద వెండర్లు కొందరు ప్లాంట్ చుట్టూనే వచ్చి కూర్చున్నారు, వాళ్లలో హ్యుండయ్ గ్రూపు సొంత సంస్థ మోబిస్ కూడా ఉంది. సీట్ల లాంటి పెద్ద భాగాలు గోడౌన్‌లో పెట్టుకునేవి కావు, లైను మీద ఏ రంగు, ఏ వేరియంట్ కారు ఏ వరుసలో వస్తోందో అదే వరుసలో లారీ దిగాలి. వెండర్ పక్కనే ఉండటం ఇక్కడ సౌకర్యం కోసం కాదు, లైను ఆగకుండా ఉండటం కోసం. నేషనల్ హైవే మీద కొరియన్ భాషలో హోటల్ బోర్డులు చూసి మురిసిపోయే మనవాళ్లు చాలామంది గమనించరు కానీ ఆ జిల్లాకు ప్లాంట్ ఎంత ముఖ్యమో ఈ వెండర్ల షెడ్లు అంత ముఖ్యం.

3 లక్షల సామర్థ్యం కట్టడం కూడా మండపం కట్టడమే కదా, మరి అది ఖాళీగా ఎందుకు మిగల్లేదు? ప్లాంట్ కట్టేటప్పుడే రెండో కారుకు, మూడో కారుకు డబ్బు మంజూరై ఉండటం వల్ల. సెల్టోస్ 2019 ఆగస్టు, కార్నివాల్ 2020 ఫిబ్రవరి, సోనెట్ 2020 సెప్టెంబర్. మధ్యలో లాక్‌డౌన్ వచ్చినా పదమూడు నెలల్లో మూడు కార్లు. 2022 మొదట్లో క్యారెన్స్. 2023 జులైకి పదో లక్ష కారు ప్లాంట్ నుంచి బయటికి వచ్చింది. ఫోర్డ్ ఇండియాలో ఉన్న కాలం అంతా చూస్తే, ఒక కారు హిట్ అయినప్పుడు తర్వాతి కారు గురించి చర్చ మొదలయ్యేది. కియాకు చర్చ ముందే అయిపోయింది, మిగిలింది పనే.

ఒకే గ్రూపుకు చెందిన స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ సంగతి కూడా ప్రాజెక్టులో కలుపుకోండి, ఎందుకంటే పాత కంపెనీ దారి మార్చుకున్న ఉదాహరణ అది. 2018లో ఇండియా పని మొత్తం స్కోడా చేతికి ఇచ్చి వంద కోట్ల యూరోలు కేటాయించారు. ఒకే ప్లాట్‌ఫామ్‌ను ఇక్కడికి తగ్గట్టు మలిచి, భాగాల్లో 95 శాతం దాకా స్థానికంగా చేసి, 2021 నుంచి కుషాక్, టైగున్, స్లావియా, వర్టస్ వరుసగా దించారు. మారుతిని దాటేస్తారా అంటే లేదు. కానీ డబ్బు ఒకేసారి, నాలుగు కార్లకు, ఇక్కడి బాధ్యుడి చేతికి ఇచ్చారు. రెండో కారు కోసం మళ్లీ అప్లికేషన్ పెట్టుకోనక్కర్లేదు.

ఎక్కడ నిర్ణయం జరుగుతుందన్నది మన దేశంలో ఇంత ముఖ్యం కావడానికి ఇంకో కారణం ప్రభుత్వ నియమాలు. కొత్త మోడల్ తయారవడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, నియమం ఒక్క రాత్రిలో మారుతుంది. 2010 తర్వాత పెట్రోలు, డీజిల్ ధరల తేడా చూసి అందరూ డీజిల్ ఇంజన్ల మీద డబ్బు పోశారు. 2014 అక్టోబర్‌లో డీజిల్ ధర నియంత్రణ ఎత్తేశారు, తేడా కరిగిపోయింది. 2017 మార్చి చివర్లో సుప్రీంకోర్టు బీఎస్-3 (పొగ కాలుష్యం మీద పాత ప్రమాణం) బండ్లను ఏప్రిల్ 1 నుంచి అమ్మొద్దంది, ఆ రెండు మూడు రోజులు టూవీలర్ షోరూమ్‌ల ముందు జాతరే. బీఎస్-5ను దాటేసి 2020 ఏప్రిల్ నుంచి నేరుగా బీఎస్-6 తెచ్చారు, మారుతి డీజిల్‌నే వదిలేసింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ చిన్న కార్లకు 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పెద్ద వాటికి సెస్ తీసేసి 40 శాతం పెట్టారు. ఇలాంటి చోట "మా ప్రపంచ ప్రణాళికలో ఇండియా వంతు వచ్చే ఏడాది" అనే కంపెనీ ఎప్పుడూ వెనకే ఉంటుంది. ఇదే కాలంలో ఫియట్ ముచ్చట ఒకటుంది. 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఇంజన్ ఫియట్‌ది. లైసెన్సు తీసుకుని అది స్విఫ్ట్‌లో పెట్టి మారుతి లక్షల్లో అమ్మింది, ఫియట్ కార్లు మాత్రం షోరూమ్‌లలో దుమ్ము పట్టాయి. ఇంజన్ వాళ్లది, లాభం వీళ్లది. టెక్నాలజీ ఉంటే చాలనుకునేవాళ్లకు ఇది చూపించండి.

ఎలక్ట్రిక్ కార్లకూ ఇదే లెక్క వర్తిస్తుందా అన్న సందేహం రావచ్చు. వర్తిస్తుంది, ఇంకా గట్టిగా. ఫోర్డ్ ఎలక్ట్రిక్ విభాగం 2023లో 470 కోట్ల డాలర్లు, 2024లో 500 కోట్ల డాలర్లకు పైగా నష్టం చూపించింది. అమ్మకాలు రాకముందే సామర్థ్యం కట్టడం అన్న పాత జబ్బే, వైరు కొత్తది. దాని మీద విడిగా ఇంకో ప్రాజెక్టే చేయొచ్చు, ఇక్కడ సాగదీయను.

ఇప్పుడు మీ మేనమామగారి విషయం.

ఫోర్డ్ వెళ్లిపోయినప్పుడు డీలర్ల సంఘం ఫాడా చెప్పిన లెక్క ప్రకారం సుమారు 170 మంది డీలర్లు, వాళ్ల దగ్గర 40 వేల మంది ఉద్యోగులు. ఫ్యాక్టరీలో ఉద్యోగాలు పోయేవి నాలుగు వేలు అని పేపర్లు రాశాయి, డీలర్ల దగ్గర పదిరెట్లు. ఫోర్డ్ పరిహారం ఇచ్చింది, విడిభాగాలు, సర్వీసు కొనసాగిస్తామంది, కొంతవరకు నిలబెట్టుకుంది. చెన్నైలో సాఫ్ట్‌వేర్, బ్యాక్ ఆఫీస్ పని మాత్రం ఆగలేదు, మనవాళ్లు బోలెడంతమంది ఇప్పటికీ అక్కడే ఉన్నారు. కానీ షోరూమ్‌కు లీజు తీసుకున్న స్థలం, ఆ కంపెనీ రంగుల్లో చేయించిన ఇంటీరియర్, ఆ కంపెనీ కోసమే కొన్న టూల్స్ ఇంకో కంపెనీకి పనికిరావు.

డీలర్ డబ్బు ఎక్కడ పోతుందో చూడండి. ఆయన నెలకు 50 కార్లు అమ్ముతారనుకుందాం, కారు 9 లక్షలు. యార్డులో వంద కార్లు ఉంటే, అంటే రెండు నెలల స్టాక్, 9 కోట్లు అక్కడ నిలబడి ఉన్నట్టు. పది శాతం వడ్డీ వేసుకున్నా నెలకు ఏడున్నర లక్షలు. అమ్మిన ఒక్కో కారు మీద 15 వేలు బ్యాంకుకు పోయింది. మార్జిన్ 4 శాతం అయితే 36 వేలు, అందులోంచి ఈ 15 వేలు, పైన కస్టమర్‌కు సొంత జేబులోంచి ఇచ్చే డిస్కౌంటు, జీతాలు, అద్దె. నెల చివర ఏరియా మేనేజర్ ఫోన్ చేసి "సార్, టార్గెట్‌కు ఇంకో ఇరవై బిల్ చేయండి" అంటాడు. చేస్తే ఇన్సెంటివ్ వస్తుంది, స్టాక్ పెరుగుతుంది. ఈ టెన్షన్ ప్రతి నెలా ఉంటుంది. కంపెనీ ఈ ఇరవైని తన అమ్మకాల్లో వేసుకుంటుంది, ఎందుకంటే ఫ్యాక్టరీ నుంచి డీలర్‌కు పంపిందే దాని దృష్టిలో అమ్మకం. అసలు కొనుగోలుదారుడి చేతికి ఎన్ని వెళ్లాయో రిజిస్ట్రేషన్లలో కనిపిస్తుంది. ఫాడా నెలనెలా ఇచ్చే లెక్కలు అవే, కాకపోతే తెలంగాణ వాహన్‌లో, అంటే కేంద్రం నడిపే బండ్ల రిజిస్ట్రేషన్ పోర్టల్‌లో, లేకపోవడం వల్ల చాలా ఏళ్లు ఆ లెక్కల్లో మన రాష్ట్రం కనిపించలేదు, అది గుర్తుపెట్టుకుని చదవండి. 2024 సెప్టెంబర్‌లో దేశమంతటా డీలర్ల దగ్గర 80 నుంచి 85 రోజుల స్టాక్, 7.9 లక్షల బండ్లు, 79 వేల కోట్ల విలువైనవి పేరుకున్నాయని ఫాడా గగ్గోలు పెట్టింది. ఫాడా ఉండాలనేది 21 రోజులు.

కాబట్టి మేనమామగారు కంపెనీ వాళ్లతో కూర్చున్నప్పుడు మొదటి కారు గురించి ఎక్కువ మాట్లాడనివ్వకండి. అది ఎలాగూ బాగానే ఉంటుంది, లేకపోతే ఇంత దూరం వచ్చేవారే కాదు. రెండో కారు ఏది, ఎప్పుడు, దానికి డబ్బు మంజూరైందా, దాని టూలింగ్ ఆర్డర్ వెండర్లకు వెళ్లిందా అని అడగమనండి. చివరి ప్రశ్నకు కంపెనీ సేల్స్ వాళ్లు నీళ్లు నమిలితే, చెన్నైలోనో పుణెలోనో తెలిసిన వెండర్‌ను కనుక్కుంటే రెండు రోజుల్లో తేలిపోతుంది. అచ్చు తయారీ మొదలైతే దాచడం ఎవరి తరమూ కాదు.

అదే కంపెనీ డీలర్లు ఇద్దరిని వేరే రాష్ట్రంలో కలవమనండి, మన ఊళ్లో అయితే పోటీ అనుకుని నిజం చెప్పరు. యార్డులో స్టాక్ ఎన్ని రోజులది అని అడిగితే చాలు. షోరూమ్ కంటే వర్క్‌షాప్ ముందు చూసుకోమనండి, బండ్ల మీద మిగిలేది తక్కువ, సర్వీసు, యాక్సిడెంట్ రిపేర్లు, ఇన్సూరెన్సు మీదే నాలుగు రాళ్లు మిగులుతాయి. కొత్త కంపెనీకి రోడ్డు మీద పాత బండ్లు ఉండవు కాబట్టి మొదటి రెండు మూడేళ్లు వర్క్‌షాప్ నిండదు, ఆ కాలానికి చేతిలో డబ్బు ఉండాలి. కంపెనీ చెప్పే సైజులో షోరూమ్ కట్టనక్కర్లేదు, చిన్నదాంతో మొదలుపెడతానని గట్టిగా అడిగితే కొత్త కంపెనీలు ఒప్పుకుంటున్నాయి.

ఇక ఒప్పంద పత్రం. కంపెనీ దేశం నుంచి వెళ్లిపోతే మిగిలిన స్టాక్ ఎంత ధరకు వెనక్కి తీసుకుంటుంది, స్పేర్ పార్టులు తీసుకుంటుందా, ఇంటీరియర్‌కు పెట్టిన ఖర్చులో ఎంత ఇస్తుంది, ఎన్ని నెలల నోటీసు ఇస్తుంది అన్నవి అందులో అంకెలతో ఉండాలి. మామూలుగా ఈ భాగం ఒకటిన్నర పేరా ఉంటుంది, కంపెనీ వైపే రాసి ఉంటుంది. "అది స్టాండర్డ్ ఫార్మాట్ సార్, మార్చడం కుదరదు" అంటారు. పెద్ద గ్రూపులకు మారుస్తారు, నేను చూశాను. లాయరుకు ఇచ్చే ఫీజు లెక్కలోకి రాదు, తొమ్మిది కోట్ల స్టాక్ ముందు.